గోధుమ మానేసిన వారికి మధ్యాహ్నం క్యారియర్‌లో ఏమి పెట్టవచ్చు?

మీ వారికి సీలియాక్ వ్యాధి (గోధుమలాంటి ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ పడక చిన్నపేగు దెబ్బతినే జబ్బు) ఉన్నట్లు తేలిందనీ, ఇన్నాళ్లూ ఆఫీసుకు చపాతీలే కట్టి పంపేవారనీ, ఇప్పుడు రోజూ అన్నం, పప్పు పెడుతుంటే ఆయనకు విసుగు పుడుతోందనీ రాశారు. మాది అనంతపురం. మా అమ్మాయికి 2018లో, తొమ్మిదో ఏట, ఇదే వ్యాధి బయటపడింది. అప్పటి నుంచి బడికీ, ఇప్పుడు కాలేజీకీ క్యారియర్ కడుతున్నాను కాబట్టి నా అనుభవం చెబుతాను. పరీక్షలన్నీ అయ్యాకే గోధుమ మానిపించారని మీరు రాశారు, మంచిదే. ఇది చదివేవారిలో ఇంకా పరీక్షలు కానివారు ఉంటే ముందుగానే గోధుమ మానకూడదు. మానేస్తే రక్తపరీక్షలోనూ, చిన్నపేగు నుంచి చిన్న ముక్క తీసి చూసే బయాప్సీలోనూ వ్యాధి కనబడకుండా పోవచ్చు.

గ్లూటెన్ ఉండేది గోధుమలు, బార్లీ, రై అనే ధాన్యాల్లో. మన సీమలో తరతరాలుగా తిన్న జొన్నలు, రాగులు, కొర్రలు, సజ్జలు, ఆరికలు, వరి వేటిలోనూ అది లేదు. అందువల్ల ఏమి వండాలన్నది నాకెప్పుడూ పెద్ద సమస్య కాలేదు. పొద్దున ఏడింటికి వండినది మధ్యాహ్నం ఒంటిగంటకు తినేలా ఉండడమే సమస్య అయింది.

చపాతీ స్థానంలో మొదట నిలిచేది జొన్న రొట్టె. మా అత్తగారిది కర్నూలు వైపు కావడంతో ఆమె చేతి రొట్టె సాయంత్రానికీ మెత్తగా ఉండేది, నాది రెండు గంటలకే అట్టముక్క అయ్యేది. పిండిని చన్నీళ్లతో కలపడమే నా తప్పని తరువాత తెలిసింది. గోధుమ పిండిని సాగేలా చేసేది గ్లూటెనే. అది లేని జొన్నపిండికి అతుకు రావాలంటే ఉప్పు వేసి తెర్లించిన నీళ్లు పోసి, గరిటెతో కలిపి, ఐదు నిమిషాలు మూతపెట్టి, వేడి చేతికి ఓర్చుకోగలిగినప్పుడే అరచేతి మొదలుతో బాగా మర్దించాలి. పిండి కూడా తాజాదై ఉండాలి. నెల దాటిన పిండితో ఎంత మర్దించినా రొట్టె అంచులు పగులుతాయి. పెనం మీద పైవైపు తడిగుడ్డతో అద్ది, కాలిన వెంటనే నూలుగుడ్డలో చుట్టి, వేడి తగ్గకముందే మడిచి డబ్బాలో పెడితే ఒంటిగంటకు విరగదు. పక్కన పొడికూర కాకుండా రసం ఉన్న కూర ఉండాలి. గుత్తివంకాయ, బుడ్డల (వేరుశనగల) పొడి వేసిన మటిక్కాయల (గోరుచిక్కుడు) కూర, చలికాలంలో పితికిపప్పు మా ఇంట్లో వంతులవారీగా వెళ్తాయి. కూరకు తీరిక లేని రోజున ఊరిబిండి పచ్చడీ, గడ్డపెరుగూ చాలు.

రాగి సంగటి గురించి అందరూ చెబుతారు గానీ, క్యారియర్‌కు అది అంతగా పనికిరాదని నా అభిప్రాయం. చల్లారిన ముద్ద గట్టిపడుతుంది, ఆఫీసు బల్ల దగ్గర పులుసులో అద్దుకుని మింగడమూ ఇబ్బందే. దాన్ని ఆదివారానికి ఉంచి, పనిరోజుల్లో రాగిపిండిలో మునగాకు, తరిగిన ఎర్రగడ్డలు (ఉల్లిపాయలు), పచ్చిమిర్చి కలిపి వేడినీళ్లతో తడిపి రొట్టె తట్టండి. నూరు గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. ఈ వ్యాధిలో చిన్నపేగు పోషకాలను సరిగా పీల్చుకోలేదు కాబట్టి వారానికి రెండుసార్లయినా రాగులు ఉండేలా నేను చూస్తాను.

కొర్రన్నం వేడిగా బాగుంటుంది, చల్లారితే పొలుసుపొలుసుగా విడిపోయి గొంతుకు అడ్డం పడుతుంది. కొర్రలను అరగంట నానబెట్టి, ఒకటికి రెండున్నర నీళ్లు పోసి మెత్తగా వండి, పాలూ పెరుగూ కలిపి అల్లం, కరివేపాకు తిరగవాత పెట్టి పంపితే మధ్యాహ్నానికి చక్కగా ఊరి ఉంటుంది. చింతపండు పులిహోరగా కలిపినా బాగుంటుంది.

మా అమ్మాయి మాత్రం అన్నిటికంటే ఉగ్గానినే కోరుకుంటుంది. అందులో వాడే బొరుగులు (మరమరాలు) వరివే కాబట్టి భయం లేదు. నీళ్లలో ముంచి పిండిన బొరుగులను ఎర్రగడ్డలు, టమోటా, పసుపు, పచ్చిమిర్చి కారం వేసిన తిరగవాతలో కలిపి, దించే ముందు పుట్నాల పొడి చల్లితే పావుగంటలో అయిపోతుంది, చల్లగా తిన్నా రుచి చెడదు. దానికి తోడు ఉడికించిన ఉలవల గుగ్గిళ్లో, అలసందలో పెడితే కడుపు నిండుతుంది. ఉగ్గానికి జోడు మిరపకాయ బజ్జీయే అంటారా, అది ఇంట్లో వేసుకోండి. బయట గోధుమ వస్తువులు వేయించిన నూనెలోనే బజ్జీలూ వేస్తారు.

వంట కంటే నన్ను ఎక్కువగా ఏడిపించినది కనబడని గోధుమ. గోధుమ వస్తువులన్నీ మానిపించి నాలుగు నెలలైనా అమ్మాయి కడుపుబ్బరం తగ్గలేదు. చివరికి దొరికిన దోషి ఇంగువ డబ్బా. దుకాణంలో అమ్మే కూటు ఇంగువలో చాలా రకాలకు గోధుమపిండి లేదా మైదా కలుపుతారు. అది సాంబారు పొడిలో, పులిహోర పేస్టులో, అప్పడాల్లో కూడా చేరుతుంది. నేను ఇంగువ పూర్తిగా మానేసి తెల్లగడ్డ (వెల్లుల్లి) తిరగవాతకు మారాను. బొంబాయి రవ్వ, మామూలు సేమియా గోధుమవేనని మీకు తెలిసే ఉంటుంది. రాగి సేమియా, రాగి బిస్కెట్లు అని రాసిన పొట్లాలను కూడా వెనక్కి తిప్పి చదవండి, చాలావాటిలో మైదా ఉంటుంది. గ్లూటెన్ రహితం అని ముద్రించాలంటే మన దేశ నిబంధనల ప్రకారం కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదు కాబట్టి ఆ ముద్ర ఉన్నవాటిని కొంత నమ్మవచ్చు.

పిండి మర సంగతి మరీ ముఖ్యం. ముందు వారు గోధుమలు ఆడించుకుని పోతే, ఆ రాళ్ల మధ్య మిగిలినది మీ జొన్నపిండిలోకి వస్తుంది. మొదట్లో పొద్దున్నే వెళ్లి మా బియ్యం కిలో ఆడించి పక్కన పెట్టి, తరువాత జొన్నలు పోయించేదాన్ని, కానీ దాన్ని పూర్తిగా నమ్మలేక చివరికి ఇంట్లో ఆడించుకునే చిన్న మర కొన్నాము. ధాన్యం కూడా పిండిగా కాక గింజగానే కొనండి. గింజల్లో గోధుమ కలిసి ఉంటే చేటలో ఏరివేయవచ్చు, పిండిలో కలిసినదాన్ని ఎవరూ ఏరలేరు. బయట జొన్న రొట్టె అడిగితే అతుకు కోసం గోధుమపిండి కలుపుతారా అని తప్పక విచారించండి. ఒకసారి దారిలో ఒక హోటలులో అడగకుండా తిని, మా అమ్మాయి మూడు రోజులు మంచం పట్టింది.

మీ వారికి ఊళ్లు తిరిగే పని ఉన్నప్పుడు జొన్న రొట్టెను పలుచగా తట్టి, సన్నని మంట మీద కరకరలాడేవరకు ఆరనిచ్చి కట్టండి. గాలి తగలకుండా ఉంచితే వారం రోజులైనా నిలుస్తుంది, బుడ్డల పొడి, పెరుగు ఉంటే ఎక్కడ కూర్చునైనా తినవచ్చు.