స్టైపెండ్‌ను నమ్ముకుని మిత్తికి అప్పు తేవద్దు

ప్రశ్న: అన్నా, మాది దేవరకొండ దగ్గర పల్లె. నాకు 22 ఏళ్లు, బీటెక్ మెకానికల్ అయింది. నాలుగు నెలల నుంచి ఆదిబట్లలో విమాన భాగాలు చేసే కంపెనీలో గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌గా చేస్తున్నా. ఏడాది ట్రైనింగ్, నెలకు 15,000 స్టైపెండ్. ఇబ్రహీంపట్నంలో రూమ్, మెస్, ఫోన్, చార్జీలు కలిపి 8,000 అవుతాయి, ఇంటికి 2,000 పంపిస్తా. హైదరాబాద్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 2 లక్షలు కడితే ఎన్‌డీటీ (భాగాన్ని పాడుచేయకుండా లోపలి పగుళ్లు, లోపాలు పరీక్షించే పని) కోర్సు చేయించి ఏవియేషన్‌లో జాబ్ గ్యారంటీ అంటున్నారు. నైట్ షిఫ్టులకు బండి కూడా కావాలి. ఊళ్లో తెలిసినాయన నాన్న పట్టా పాస్‌బుక్ పెట్టుకుని రెండు రూపాయల మిత్తికి 3 లక్షలు ఇస్తానంటున్నాడు. మిత్తి నెలనెలా నేనే కడతా. తీసుకోవచ్చా?

జవాబు: వద్దు తమ్ముడూ. ఈ ఒక్క మాట కోసమైతే నీకు విడిగా రాసేవాణ్ని. కానీ ఆదిబట్ల, శంషాబాద్ వైపు విమానాల పనిలో చేరిన మన నల్గొండ, పాలమూరు పిల్లలు ఇదే పొరపాటు చేస్తున్నారు కాబట్టి అందరికీ తెలిసేలా చెప్తున్నా. పొరపాటు కోర్సు దగ్గర లేదు, బండి దగ్గర లేదు. స్టైపెండ్‌ను జీతం అనుకోవడం దగ్గర ఉంది.

నీ ఉత్తరంలో సగం పని గురించే రాశావు. రంధ్రం వేశాక అంచు నున్నగా తీయడం నేర్చుకోవడానికే మూడు వారాలు పట్టిందనీ, షిఫ్ట్ అయ్యాక ఒక్క డ్రిల్ బిట్ లెక్క తేలకపోయినా ఎవర్నీ బయటికి పోనివ్వరనీ, ప్రతి రివెట్‌కూ ఎవరు వేశారో రికార్డు ఉంటుందనీ. చదువుతుంటే సంతోషమేసింది. అపాచీ హెలికాప్టర్ బాడీలు, సీ-130జే విమానం తోక భాగాలు ఆదిబట్లలో తయారై బయటి దేశాలకు పోతున్నాయి, శంషాబాద్‌లో విమానాలు రిపేరుకు వస్తున్నాయి. ఆ పని మన ఊళ్లకు గంటా గంటన్నర దూరంలో దొరకడం మామూలు విషయం కాదు, దాన్ని వదులుకోకు. నా బాధంతా నీ డబ్బు లెక్క గురించే.

నువ్వు అప్రెంటిస్‌వి, ఉద్యోగివి కాదు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద నీది ట్రైనింగ్ కాంట్రాక్టు. దానికి పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు. ఏడాది అయ్యాక నిన్ను ఉద్యోగంలోకి తీసుకోవాలా వద్దా అన్నది, కాంట్రాక్టులో రాసి ఉంటే తప్ప, కంపెనీ సొంత పాలసీ. అంటే నీ 15,000కు ఇంకా ఎనిమిది నెలలే ఆయుష్షు. 3 లక్షల అప్పు ఎనిమిది నెలల్లో తీరుతుందా?

రెండు రూపాయల మిత్తి అంటే వినడానికి చిన్నగా ఉంటుంది, ఏడాదికి అది 24 శాతం. 3 లక్షలకు నెలకు 6,000. నీ ఖర్చు 8,000 పోను చేతిలో 1,000 మిగులుతుంది, ఇంటికి పంపేది కూడా ఆగిపోతుంది. ఇంత కట్టినా అసలు ఒక్క రూపాయి తగ్గదు. కట్టడం ఆపేశావనుకో, ఏడాదికోసారి మిత్తిని అసలులో కలిపి కొత్త నోటు రాయించుకుంటారు, మూడేళ్లు తిరిగేసరికి అది 5 లక్షల 72 వేలు. అప్పుడు ఆ పాస్‌బుక్ ఎవరి దగ్గర ఉంటుందో ఒక్కసారి ఆలోచించు. స్టైపెండ్ మీద తెచ్చిన అప్పు కోసం నాన్న భూమిని మధ్యలో పెట్టడం నాకు అస్సలు నచ్చలేదు.

పోయినేడు షాద్‌నగర్ వైపు నుంచి ఒకబ్బాయి నా దగ్గరికి వచ్చాడు. నీలాగే అప్రెంటిస్, నీలాగే బండి, నీలాగే మిత్తికి అప్పు. ట్రైనింగ్ అయిపోయాక మూడు నెలలు పని దొరకలేదు, ఆ మూడు నెలల మిత్తి కోసం ఫోన్‌లో లోన్ యాప్ నొక్కాడు, దాన్ని కట్టడానికి ఇంకో యాప్. ఆ తర్వాత ఉద్యోగం వచ్చింది, మంచిదే వచ్చింది, కానీ మొదటి ఏడాది జీతమంతా వాటికే పోయింది. ఒక్క 30,000 పక్కన ఉండి ఉంటే ఇదంతా జరిగేది కాదు, ఆ మాట అతనే అన్నాడు.

అందుకే ముందు ఎమర్జెన్సీ ఫండ్, మిగతావన్నీ దాని తర్వాతే. నెలకు నీకు 5,000 మిగులుతోంది. స్టైపెండ్ పడిన రోజే దాన్ని వేరే బ్యాంకు ఖాతాలోకి మార్చు, ఆ ఖాతాకు యూపీఐ పెట్టుకోకు. ఎనిమిది నెలలకు 40,000, అంటే నీ ఐదు నెలల ఖర్చు. ట్రైనింగ్ అయిన మర్నాడు నిన్ను కాపాడేది ఆ డబ్బే. దాంతో వచ్చిన మొదటి ఉద్యోగం కాకుండా నీ పనికి తగ్గ ఉద్యోగం దొరికేదాకా ఆగగలవు. ఊళ్లో బోరు ఎండినా, పత్తికి రెండోసారి గింజలు పెట్టాల్సి వచ్చినా మిత్తికి పరిగెత్తకుండా ఆపేదీ అదే.

రెండోది ఆరోగ్య బీమా. డ్యూటీలో దెబ్బ తగిలితే నష్టపరిహారం కంపెనీ ఇవ్వాలి, చట్టంలో ఉంది. రూమ్‌లో ఉన్నప్పుడు డెంగ్యూ వచ్చి ఆసుపత్రిలో చేరితే? ఈఎస్ఐ లేదని చెప్పా కదా. ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలైంది, మీకు రేషన్ కార్డు ఉంటే మంచిదే, కానీ లిస్టులో ఉన్న చికిత్సలకే, నెట్‌వర్క్ ఆసుపత్రుల్లోనే. నీ పేరు మీద 5 లక్షల పాలసీ ఇప్పుడే తీసుకో, ఈ వయసులో ప్రీమియం తక్కువ, 2025 సెప్టెంబర్ నుంచి దానిపై జీఎస్టీ కూడా లేదు. ప్రమాదం కాకుండా మామూలు జబ్బులకు మొదటి 30 రోజులు వర్తించదు కాబట్టి జ్వరం వచ్చాక కొందామంటే కుదరదు. ఆ ప్రీమియం పోయినా నీ ఫండ్ నాలుగు నెలల ఖర్చుకు తగ్గదు. ఏడాదికి 20 రూపాయల సురక్షా బీమా బ్యాంకులో అడిగి ఈ వారమే పెట్టించుకో, ప్రమాదానికి 2 లక్షలు. నాన్నకు రైతు బీమా ఉందా, నామినీ పేరు సరిగ్గా ఉందా చూడు.

కోర్సు సంగతి. విమానాల్లో ఎన్‌డీటీ చేసేవాళ్లను వాళ్లు పనిచేసే కంపెనీయే ధ్రువీకరిస్తుంది, దానికి క్లాసుతో పాటు అనుభవజ్ఞుల దగ్గర చేసిన పని గంటలు కావాలి. ఇన్‌స్టిట్యూట్ క్లాస్ చెప్పగలదు, ఆ గంటలు ఎక్కడి నుంచి తెస్తుంది? గ్యారంటీ అన్నవాళ్లను కాగితం మీద రాసి ఇమ్మను. నీ కంపెనీలోనే ఎన్‌డీటీ సెక్షన్ ఉంటే రెండు నెలలు అక్కడ వేయమని సూపర్‌వైజర్‌ను అడుగు, దానికి పైసా ఖర్చు లేదు. ట్రైనింగ్ పూర్తయ్యాక వచ్చే అప్రెంటిస్ సర్టిఫికెట్ జాగ్రత్తగా తీసుకో. ఆ తర్వాత కూడా కోర్సు కావాలనిపిస్తే బ్యాంకులో విద్యా రుణం అడుగు, ఊళ్లో నోటు కాదు.

బండి ఉద్యోగం పర్మినెంట్ అయ్యాక. అప్పటిదాకా కంపెనీ బస్సు, లేదంటే ఇబ్రహీంపట్నం రూమ్ వదిలి ఇంకా దగ్గరికి మారు.

నాన్నతో నువ్వే మాట్లాడు, నా కొడుకు అడిగాడని ఆయన సరే అని ఉంటాడు. పాస్‌బుక్ ఇప్పటికే ఆ అప్పిచ్చేవాడి చేతికి ఇచ్చి ఉంటే ఈ ఆదివారం ఊరికి పోయి ముందు దాన్ని ఇంటికి తెచ్చుకో, సంతకం పెట్టిన నోటు ఏదైనా ఉంటే అదీ వెనక్కి తీసుకుని నీ కళ్లముందే చింపెయ్.