ప్వారో సీరియల్ తర్వాతి సీజన్లు నిజంగానే చెడిపోయాయా? చివరిదాకా చూడొచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: అగాథా క్రిస్టీ సృష్టించిన డిటెక్టివ్ ప్వారో మీద వచ్చిన టీవీ సీరియల్‌ని మీరు చూడటం మొదలుపెట్టి, మొదటి సీజన్లో నాలుగైదు ఎపిసోడ్లు చూశారు. అవి సరదాగానే ఉన్నాయి కానీ మరీ నిదానం. పైగా తర్వాతి సీజన్లను పాడు చేశారని కొందరు, అసలు బాగున్నవే అవని కొందరు అంటున్నారు. ఇంతకీ కొనసాగించాలా, వదిలేయదగ్గవి ఏమైనా ఉన్నాయా?

కొనసాగించండి. కాకపోతే 70 ఎపిసోడ్లూ వరసగా చూసి తీరాలని పట్టు పట్టకండి. 1989 జనవరిలో బ్రిటన్ ఐటీవీలో మొదలై 2013 నవంబరులో ముగిసిన సీరియల్ ఇది. దాదాపు పాతికేళ్లు ప్వారోగా డేవిడ్ సూషే ఒక్కడే చేశాడు. ఆయన చుట్టూ నిర్మాతలు మారారు, రచయితలు మారారు, టీవీ డ్రామా తీసే పద్ధతే మారిపోయింది. కాబట్టి మొత్తాన్ని ఒకే మూట కట్టి బాగుందా లేదా అంటే ఎవరు చెప్పే జవాబూ మీకు పనికిరాదు.

మా ఇంట్లోనే దీని మీద రెండు పార్టీలున్నాయి. మా మామయ్యగారు సర్వే శాఖలో పనిచేసి రిటైరయ్యారు. ఆయనది పాత సీజన్ల పార్టీ. ఆయన దృష్టిలో మిత్రుడు హేస్టింగ్స్, పోలీసు ఇన్‌స్పెక్టర్ జాప్, సెక్రటరీ మిస్ లెమన్ లేని ప్వారో అసలు ప్వారోనే కాదు. నాది రెండో పార్టీ. మా ఆడపడుచు ఇంగ్లండులో ఉంటుంది. అక్కడ ఐటీవీ3లో ఈ పాత ఎపిసోడ్లు వేస్తూనే ఉంటారట. వంట చేసుకుంటూ ఏది వస్తే అది చూస్తుంది, హంతకుడెవరో ముందే తెలిసినా సరే. ఆ ఫ్లాట్లు, ఆ టోపీలు, ఆ కార్లు చూస్తే చాలంటుంది. ఆ మాటా కొట్టిపారేయలేం. కథల్లో ఎక్కువ భాగాన్ని 1930ల మధ్యలో నడిపారు, ఆనాటి ఆర్ట్ డెకో శైలి కట్టడాల్ని వెతికి మరీ వాడుకున్నారు. ప్వారో ఉండే వైట్‌హేవెన్ మాన్షన్స్‌గా చూపించేది లండన్ చార్టర్‌హౌస్ స్క్వేర్‌లోని ఫ్లోరిన్ కోర్ట్. ఆ వంపు తిరిగిన ముందుగోడ, క్రిస్టఫర్ గన్నింగ్ శాక్సఫోన్ సంగీతం కలిస్తే చాలు, మామయ్యగారు పేపరు మడిచి పక్కన పెట్టేస్తారు.

నిదానం సంగతి. మీరు మొట్టమొదటి ఎపిసోడ్‌నే గుర్తు చేసుకోండి, ఆ క్లాపమ్ వంటమనిషి కథ. హేస్టింగ్స్ పేపర్లో నేర వార్తలు చదివి వినిపిస్తుంటాడు. ప్వారోకి ఒక్కటీ ఆనదు. అంతలో ఒక మధ్యతరగతి ఇల్లాలు వచ్చి మా వంటమనిషి కనబడటం లేదు, వెతికిపెట్టమంటుంది. నా స్థాయికి ఇలాంటి కేసులా అన్నట్టు ఈయన ముఖం పెడతాడు. ఆవిడ ఊరుకోదు. గొప్పింటావిడకి ముత్యాల హారం ఎంతో నాకు మంచి వంటమనిషి అంత అని కడిగేస్తుంది. ప్వారో ఒక్క క్షణం ఆగి, తన తప్పు ఒప్పుకుని, కేసు తీసుకుంటాడు. తర్వాత ఆ ఇంటివాళ్లే ఒక గినీ (పౌండు కంటే కాస్త ఎక్కువ) పంపి ఇక చాలు, మానెయ్యమంటారు. ఆ అవమానాన్ని ఆయన ఏం చేసుకున్నాడో ఎపిసోడ్ చివర మీరు చూసే ఉంటారు, ఫ్రేము కట్టించి పెట్టుకున్నాడు. హత్య ఎలా జరిగిందన్నదాని కంటే నాకు ఇవే గుర్తున్నాయి. ఇవి కావాలంటే ఆ నిదానం కావాలి. పరుగులు పెట్టే కథ కావాలంటే మాత్రం ఇది మీ సీరియల్ కాదు, మొహమాటపడకుండా ఆపేయండి.

సూషే ఈ పాత్రని ఎలా తయారు చేసుకున్నాడో తెలిశాక నాకు ఆ చాదస్తం ఇంకా నచ్చింది. క్రిస్టీ రాసినవన్నీ చదివి, ప్వారో అలవాట్లు, ఇష్టాయిష్టాలు 93 అంశాలుగా రాసి పెట్టుకున్నాడట. టీలో చక్కెర బిళ్లలు ఎన్ని అన్నదాకా. ఆ చిన్న చిన్న అడుగుల నడక కోసమైతే పిరుదుల మధ్య ఒక నాణెం బిగించి, అది జారిపోకుండా నడవడం సాధన చేశానని ఆయనే చెప్పాడు. ఇది చదివి వినిపిస్తే మామయ్యగారు నవ్వాపుకోలేక మంచినీళ్లు అడిగారు. తన గొంతు సహజంగా ఛాతీలోంచి వస్తుందని, దాన్ని తలలోకి ఎక్కించుకున్నానని కూడా అన్నాడు. ఇంకో విచిత్రం, 1985లో పీటర్ ఉస్తినోవ్ ప్వారోగా వచ్చిన ఒక టీవీ సినిమాలో ఇదే సూషే ఇన్‌స్పెక్టర్ జాప్ వేషం వేశాడు.

ఇక గొడవంతా ఎక్కడ మొదలవుతుందంటే 2003లో. అప్పటిదాకా నిర్మాత బ్రయన్ ఈస్ట్‌మన్. రాతలో క్లైవ్ ఎక్స్‌టన్‌ది పెద్ద చెయ్యి. వాళ్ల కాలంలో సీరియల్ తేలికగా, హాస్యంగా నడిచేది. వాళ్ల తర్వాత వచ్చినవాళ్లు ఒక్కో నవలనీ ఒక్కో సినిమాలా తీశారు. వెలుగు తగ్గింది, నవ్వు తగ్గింది, హేస్టింగ్స్, జాప్, లెమన్ ముగ్గురూ మాయమయ్యారు. పాత పార్టీవాళ్ల ప్రధానమైన ఫిర్యాదు ఇదే: పుస్తకాన్ని వదిలేసి సొంత పైత్యం చూపించారని.

ఈ ఒక్క విషయంలో మాత్రం మామయ్యగారితో నేను గట్టిగానే వాదిస్తాను. క్రిస్టీ తన హేస్టింగ్స్‌ని తొందరగానే పెళ్లి చేసి అర్జెంటీనా పంపేసింది. ప్వారో నవలల్లో ఎక్కువ వాటిలో అతను ఉండడు. పాత సీజన్లవాళ్లే ఈ ముగ్గుర్నీ అవసరం ఉన్నా లేకపోయినా కథల్లోకి తెచ్చి పెట్టారు. 'ఈవిల్ అండర్ ది సన్' నవలలో ముగ్గురూ లేరు, 2001 ఎపిసోడ్‌లో ముగ్గురూ ఉన్నారు. 'హెర్క్యూల్ ప్వారోస్ క్రిస్మస్' నవలలో జాప్ లేడు, సీరియల్లో ఉన్నాడు. కాబట్టి పుస్తకానికి కట్టుబడి ఉండటమే కొలత అయితే, ముగ్గుర్నీ తీసేసినవాళ్లే పుస్తకానికి దగ్గరగా వెళ్లారు. "పుస్తకం సంగతి నాకెందుకమ్మా, జాప్ ఉంటే నాకు బాగుంటుంది" అంటారాయన. దానికి నా దగ్గర జవాబు లేదు. న్యాయమే కదా.

నిజానికి ఆ ముగ్గురు లేకపోవడం వల్లే ప్వారో నాకు అర్థమయ్యాడు. ఇంట్లో చాదస్తపు తాతగారు ఒకరుంటారు చూడండి, గ్లాసు అంగుళం పక్కకి జరిగినా సర్దుతూ ఉంటారు. చుట్టూ నలుగురు ఉండి ఆటపట్టిస్తున్నంత కాలం అదంతా వినోదం. ఆ నలుగురూ ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయాక కూడా ఆయన అదే గ్లాసు అలాగే సర్దుతుంటే మనకి నవ్వు రాదు. సూషే తన నటన పెద్దగా మార్చలేదు, ఆ మీసం, ఆ నడక, ఆ చేతిరుమాలు అన్నీ అవే. చూసి ముసిముసిగా నవ్వేవాళ్లు పక్కన లేరు, అంతే తేడా. 1992లో వచ్చిన 'ఏబీసీ మర్డర్స్' చూసి, వెంటనే 2003 నాటి 'ఫైవ్ లిటిల్ పిగ్స్' చూడండి, నేను చెప్పేది తెలుస్తుంది. మొదటిదాంట్లో హేస్టింగ్స్ దక్షిణ అమెరికా నుంచి మిత్రుడికి కానుకగా చచ్చిన మొసలిని గడ్డి కూరించి పట్టుకొస్తాడు. కంపు కొడుతుంటుంది. అద్దంలా మెరిసే ఆ ఫ్లాట్‌లో ప్వారో దాన్ని కాదనలేడు, భరించనూ లేడు. వరస హత్యల కథ మధ్యలో ఈ మొసలి గోల మనకి ఊపిరి పీల్చుకునే చోటు.

'ఫైవ్ లిటిల్ పిగ్స్'లో మొసళ్లు లేవు. ఏళ్ల కిందట ఒక చిత్రకారుణ్ణి విషం పెట్టి చంపిందని అతని భార్యకి శిక్ష పడింది. పెరిగి పెద్దదైన కూతురు వచ్చి మా అమ్మ నిర్దోషి, తేల్చిపెట్టమంటుంది. వేలిముద్రలు లేవు, శవం లేదు, ఇల్లు కూడా ఒకప్పటిలా లేదు. ఆనాడు అక్కడున్న ఐదుగురి జ్ఞాపకాలే సాక్ష్యం. ప్వారో ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి కూర్చుని వింటాడు. గతం చూపించేటప్పుడు కెమెరాని చేత్తో పట్టుకుని తీశారు. ఎండ, తోట, అస్తమానం కదిలే ఫ్రేము. ఈ ఊపు చూస్తే తల తిరిగిందని కొందరు విసుక్కుంటారు, నాకూ మొదటి పది నిమిషాలు చిరాకేసింది. తర్వాత ఎవరి జ్ఞాపకం ఎక్కడ కావాలని ఆగిపోతోందో చూడ్డంలో పడిపోయాను. నవలలో ఆ తల్లి జైల్లో చనిపోతుంది. ఇక్కడ ఉరి తీసినట్టు మార్చారు. పుస్తకాభిమానులు దీన్ని క్షమించరు. ప్వారో ఎంత తెలివిగా తేల్చినా ఇక సరిదిద్దగలిగేది ఏమీ లేదన్న బరువు ఆ మార్పు వల్ల వచ్చిందని నాకు అనిపించింది. మొత్తం సీరియల్లో ఒక్కటే చూడమంటే నేను దీన్నే చూపిస్తాను.

అలాగని కొత్తవన్నిటినీ నెత్తిన పెట్టుకోను. 'అపాయింట్‌మెంట్ విత్ డెత్' నిర్మొహమాటంగా వదిలేయండి. నవలలో లేని లార్డ్ బోయింటన్ అనే పురావస్తు పిచ్చివాణ్ణి తెచ్చారు. బానిస వ్యాపారం అన్నారు, ఒక సన్యాసినిని కలిపారు. ఆ గందరగోళంలో హత్య ఎందుకు జరిగిందో మనకే గుర్తుండదు. 'ది బిగ్ ఫోర్'ని దాని కథ కోసం చూడనక్కర్లేదు. ముగ్గురు పాత మిత్రులూ 2013లో మళ్లీ కనబడతారు కాబట్టి మామయ్యగారి పార్టీ మాత్రం తప్పక చూస్తుంది. 'రోజర్ ఆక్రాయిడ్'ని ముందు పుస్తకంగా చదవండి. ఆ నవల బలమంతా కథ చెప్పే తీరులో ఉంది, కెమెరాకి అది చిక్కలేదు. ఇంతకు మించి చెబితే మీ సరదా పోతుంది.

2010 క్రిస్మస్‌కి వచ్చిన 'ఓరియంట్ ఎక్స్‌ప్రెస్' మీద గొడవ వేరే స్థాయిది. మంచులో ఇరుక్కున్న దర్జా రైలు, రంగురంగుల ప్రయాణికులు, ఒక తెలివైన చిక్కుముడి అనుకుని కూర్చుంటాం. వీళ్లు మొదట్లోనే ఒక ఆత్మహత్య, ఇస్తాంబుల్ వీధిలో ఒక స్త్రీని రాళ్లతో కొట్టడం చూపిస్తారు. ప్వారో చేతిలో జపమాల, నోట్లో ప్రార్థన. ఇస్తాంబుల్ ఘట్టం నాకూ నచ్చలేదు. చెప్పదలుచుకున్న పాఠాన్ని ముందే బోర్డు మీద రాసినట్టుంది. కానీ చివర్లో నేరం ఎవరిదో తేలాక, చట్టానికీ న్యాయానికీ మధ్య ఆయన నలిగిపోవడం చూడండి. నవలలో ఆ నిర్ణయం రెండు ముక్కల్లో అయిపోతుంది. ఇక్కడ సూషే ముఖంలో కోపం, భయం, ఏడుపు వరసగా వచ్చిపోతాయి. మామయ్యగారు "ఈయనకి ఇంత కోపం ఎప్పటినుంచి?" అని లేచి వెళ్లిపోయారు. నేను కూర్చుని చివరిదాకా చూశాను.

ఒక జాగ్రత్త. ప్వారో ఆఖరి కథ 'కర్టెన్'ని చివరి వరకు దాచుకోండి, యాదృచ్ఛికంగా కూడా ముందు చూడకండి. క్రిస్టీ దాన్ని రెండో ప్రపంచ యుద్ధకాలంలోనే రాసి భద్రపరిచి, 1975లో బయటపెట్టింది. అప్పుడు న్యూయార్క్ టైమ్స్ ఒక కల్పిత డిటెక్టివ్‌కి మొదటి పేజీలో మరణవార్త వేసింది. సీరియల్లో కూడా అదే ఆఖరు. అయితే షూటింగ్ మాత్రం చివరి సీజన్లో దానితోనే మొదలుపెట్టారు, చక్రాల కుర్చీలో చిక్కి శల్యమైన ప్వారో కోసం సూషే బరువు తగ్గాడు. అన్నిటికంటే ఆఖరున చిత్రీకరించింది 'డెడ్ మాన్స్ ఫాలీ'ని. అది క్రిస్టీ సొంత ఇల్లు గ్రీన్‌వేలో తీశారు.

మీ ప్రస్తుత పరిస్థితికి నా సలహా: మొదటి సీజన్లో నాలుగైదు చూసేశారు కాబట్టి మిగిలినవి వారానికి ఒకటి చాలు, రోజూ చూస్తే అన్నీ ఒకేలా కనబడతాయి. మధ్యలో 'ఏబీసీ మర్డర్స్' వేసుకోండి. అది కూడా నిదానంగానే అనిపిస్తే నేరుగా 'ఫైవ్ లిటిల్ పిగ్స్'కి దూకండి, ఆ తర్వాత అదే కాలంలో ఎమిలీ బ్లంట్ నటించిన 'డెత్ ఆన్ ది నైల్'. ఒక్కో ఎపిసోడ్ విడి కథే కాబట్టి మధ్యలో ఏమీ తెగిపోదు. సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. ప్వారో యాస మనకి ఇట్టే అలవాటవుతుంది కానీ, పల్లెటూరి పోలీసులు, పనమ్మాయిలు గబగబా అనేసే మాటల్లోనే ఆధారాలు దాక్కుని ఉంటాయి. ఆ మధ్య అలాంటి ఒక మాట జారిపోయి, హంతకుణ్ణి మామయ్యగారు నాకంటే ముందు పట్టేశారు. ఆ వారమంతా టీ ఇచ్చినప్పుడల్లా ఆయన మీసం దువ్వుకోవడం చూడాల్సి వచ్చింది.