ఏప్రిల్ 15 దగ్గర ఆగిపోకు

అమ్మాయీ, ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. రాత్రి భోజనాలయ్యాక ఒకసారి, పొద్దున్నే కాఫీ పెట్టుకుని ఇంకోసారి. నల్లవాళ్లకి మూసేసిన అమెరికా బేస్‌బాల్ పెద్ద లీగ్‌లోకి మొదట అడుగుపెట్టిన జాకీ రాబిన్సన్ అంటే నీకెంత ప్రేమో ప్రతి పేజీలోనూ తెలుస్తోంది. అందుకే బావుందని ఒక్కమాట రాసి ఊరుకోలేకపోతున్నాను. ఈ వ్యాసం ఇంకా బావుండాలి, బావుండగలదు.

ముందు మొదటి వాక్యం కొట్టేయ్. "ఆట సమాజానికి అద్దం" అని మొదలుపెట్టావు. ఏ దేశం గురించైనా, ఏ ఆట గురించైనా అనగలిగే మాట అది. అందులో ఒక్క మనిషీ కనబడడు. అసలు మొదలు నీ మూడో పేజీలో పడి ఉంది: 1947 ఏప్రిల్ 15, న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని ఎబెట్స్ ఫీల్డ్ మైదానం, డాడ్జర్స్ జట్టులో రాబిన్సన్ మొదటి ఆట. నేరుగా అక్కడికి వెళ్లిపో.

అయితే అక్కడ "కిక్కిరిసిన స్టేడియం" అన్నావు. సరిచూసుకో. ఆ రోజు వచ్చినవాళ్లు 26,623 మంది. వేల కుర్చీలు ఖాళీగానే ఉండిపోయాయి. వచ్చినవాళ్లలో సగానికి పైగా నల్లవాళ్లేనని అంచనా. ఇంకో సంగతి, నువ్వు వదిలేసింది: రాబిన్సన్‌కి ఆ రోజు ఒక్క హిట్టూ లేదు, అంటే తన దెబ్బ బలంతో బేస్ చేరింది ఒక్కసారీ లేదు. ఏడో ఇన్నింగ్స్‌లో బంతికి బ్యాట్ మెల్లగా ఆనించి ఫస్ట్ బేస్ వైపు పరుగెత్తాడు. అవతలివాళ్లు విసిరిన త్రో గురి తప్పింది. కాసేపటికి జట్టుని ఆధిక్యంలోకి తెచ్చిన పరుగు చేసింది అతనే. డాడ్జర్స్ 5-3తో గెలిచారు. దేశమంతా చెప్పుకునే ఆ రోజు, జరుగుతున్నప్పుడు మామూలు మంగళవారంలాగే ఉంది. అలాగే రాయి. ఖాళీ కుర్చీలు చూపిస్తే, ఆ వచ్చిన నల్లవాళ్లు ఎందుకొచ్చారో పాఠకుడే తెలుసుకుంటాడు.

నల్లవాళ్లకి ఆ తలుపు ఎలా మూసుకుందో మాత్రం బాగా రాశావు. 1884లో మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్ పెద్ద లీగ్‌లో ఆడాడు. తర్వాత అరవై ఏళ్లకు పైగా మరో నల్లవాడికి చోటు లేదు. ఏ రూల్ బుక్కులోనూ ఆ నిషేధం లేదు, అందరికీ తెలిసిన కట్టుబాటు అది. కాగితం మీద లేని కట్టుబాటు ఎంత గట్టిదో మన ఊళ్లు చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఆ పేరా ముట్టుకోకు.

డాడ్జర్స్ జట్టుని నడిపిన బ్రాంచ్ రిక్కీ దగ్గర మాత్రం తొందరపడ్డావు. ఆయన్ని దేవుణ్ణి చేసేశావు. ఆయన భక్తుడే, ఆదివారం ఆటకి వచ్చేవాడు కాదు. 1945 ఆగస్టులో రాబిన్సన్‌ని ఆఫీసుకి పిలిపించి, మైదానంలో ఎదురయ్యే తిట్లన్నీ తానే తిట్టి చూపించాడు. తిరగబడే ధైర్యం లేనివాడు కావాలా అని రాబిన్సన్ అడిగితే, తిరగబడకుండా నిలబడే ధైర్యం ఉన్నవాడు కావాలన్నాడు. అదంతా నిజం. కానీ అప్పటిదాకా రాబిన్సన్ ఆడుతున్న కాన్సాస్ సిటీ మొనార్క్స్ అనే నల్లవాళ్ల జట్టుకి అతన్ని తీసుకున్నందుకు ఆ మనిషే ఒక్క డాలరూ ఇవ్వలేదు. ఈ రెండూ ఒకే పేరాలో పెట్టు. ఏది అసలు రిక్కీ అని తేల్చడం నీ పని కాదు.

అలాగే రాబిన్సన్‌ని నోరులేని సాధువుని చెయ్యకు. 1944లో టెక్సాస్‌లో, సైన్యంలో లెఫ్టినెంట్‌గా ఉండగా, బస్సులో వెనక్కి పోయి కూర్చోమంటే పోలేదు. కోర్ట్ మార్షల్ పెట్టారు, నిర్దోషిగా బయటికొచ్చాడు. మైదానంలో అతని మౌనం ఎంత కష్టమైందో చెప్పాలంటే ఆ బస్సు నీ వ్యాసంలో ఉండి తీరాలి. ఆ సైన్యంలోనే వర్ణభేదం తీసేయమని అధ్యక్షుడు ట్రూమన్ ఆదేశం ఇచ్చింది 1948 జూలైలో, రాబిన్సన్ బ్రూక్లిన్‌లో దిగిన పదిహేను నెలల తర్వాత. నల్లపిల్లలకి వేరే స్కూళ్లు చెల్లవని సుప్రీంకోర్టు తీర్పు 1954లో. ఈ తేదీలు వరసగా పెడితే చాలు, పక్కన వ్యాఖ్యానం వద్దు.

ఇక నా అసలు ఫిర్యాదు. నువ్వు ఏప్రిల్ 15 దగ్గర కథ ముగించేశావు, తలుపు తెరుచుకుంది, అందరూ లోపలికొచ్చారు అన్నట్టు. ఎవరి ఇల్లు ఖాళీ అయిందో చూడలేదు. మనవాళ్లు ఎంతోమంది విమానం దిగే న్యూవార్క్ ఊళ్లోనే న్యూవార్క్ ఈగిల్స్ అని ఒక జట్టు ఉండేది. 1946లో నీగ్రో లీగుల, అంటే నల్లవాళ్లు విడిగా నడుపుకున్న లీగుల, ఛాంపియన్లు వాళ్లే. దాన్ని నడిపింది ఎఫా మాన్లీ అనే ఆవిడ. మరుసటేడే ప్రేక్షకులు సగానికి పైగా తగ్గిపోయారు, అందరూ రాబిన్సన్‌ని చూడ్డానికి పోయారు. తన ఆటగాడు లారీ డోబీని పెద్ద లీగ్‌లోని క్లీవ్‌లాండ్ జట్టు తీసుకుపోతుంటే ఆవిడ గట్టిగా బేరమాడి 15,000 డాలర్లు రాబట్టింది. 1948 తర్వాత జట్టు చేతులు మారింది, లీగ్ మూతపడింది. నల్లవాళ్లు తమ డబ్బుతో, తమ కష్టంతో కట్టుకున్నది ఒకటి పోయింది. ఈ నష్టం రాయకపోతే ఆ గెలుపు కూడా సగమే రాసినట్టు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఈ భాగమే. అందుకే అడుగుతున్నాను, దీనికి రెండు పేజీలు ఇవ్వు.

అన్ని జట్లూ ఒక్కరోజులో మారలేదని కూడా ఒక వాక్యం వెయ్యి. బోస్టన్ రెడ్ సాక్స్ మొదటి నల్లజాతి ఆటగాణ్ణి దింపింది 1959లో.

చివరికి కర్ట్ ఫ్లడ్ అనే నల్లజాతి ఆటగాడి దగ్గరికి రా. 1969లో సెయింట్ లూయిస్ జట్టు అతన్ని అడక్కుండానే ఫిలడెల్ఫియాకి మార్చేసింది. ఏడాదికి 90,000 డాలర్లు తీసుకునే ఆటగాడు. క్రిస్మస్ ముందురోజు తేదీతో బేస్‌బాల్ కమిషనర్‌కి ఉత్తరం రాశాడు: పన్నెండేళ్లు ఆడిన నేను, నా ఇష్టంతో పనిలేకుండా కొని అమ్మే ఆస్తినని అనుకోవడం లేదు అని. మైదానంలోకి రానిస్తే చాలనుకున్న కాలం పోయి, నా పని మీద హక్కు నాదేనని అడిగే కాలం ఆ ఒక్క వాక్యంలో వచ్చేసింది. ఆ మార్పిడి మీద అతను వేసిన కేసు 1970లో నడిచినప్పుడు, అప్పటికింకా ఆడుతున్నవాళ్లు ఒక్కరూ వచ్చి అతని పక్కన నిలబడలేదు. జుట్టంతా నెరిసిన రాబిన్సన్ వచ్చి సాక్ష్యం చెప్పాడు. 1972లో సుప్రీంకోర్టులో ఫ్లడ్ ఓడిపోయాడు. 1975 చివర్లో ఇద్దరు పిచర్ల (బంతి విసిరేవాళ్ల) కేసులో మధ్యవర్తి ఇచ్చిన తీర్పుతో, ఆటగాణ్ణి ఒకే జట్టుకి కట్టేసే ఆ సంకెళ్లు తెగాయి. అప్పటికి ఫ్లడ్ ఆట మానేసి నాలుగేళ్లు దాటింది.

ఆ కోర్టు గదిలో వాళ్లిద్దర్నీ ఒకచోట చూపించు. 1947కీ 1970కీ మధ్య ఆ దేశం ఎంత దూరం నడిచిందో అక్కడ కనిపిస్తుంది.

ఇప్పుడు ఏటా ఏప్రిల్ 15న అన్ని జట్ల ఆటగాళ్లూ రాబిన్సన్ వేసుకున్న 42 నంబరే వేసుకుంటారు, వీపు మీద పేర్లుండవు. నేనొకసారి న్యూయార్క్‌లో ఆ రోజు ఆట చూశాను. నా పక్కన ఒక చిన్న కుర్రాడు, వీళ్లలో జాకీ ఎవరని వాళ్ల తాతని అడిగాడు. ఆ ముసలాయన జవాబు చెప్పడానికి చాలాసేపు తీసుకున్నాడు. ఎబెట్స్ ఫీల్డ్ దగ్గర మొదలుపెట్టాడు, దాన్ని 1960లో పడగొట్టి అపార్ట్‌మెంట్లు కట్టారని చెప్పాడు, మళ్లీ వెనక్కి వెళ్లి బస్సు సంగతి చెప్పాడు. కుర్రాడు ఆట చూడ్డం మానేసి వింటున్నాడు.

తిరగరాసి పంపు. ఉగాదిలోపు అయితే నేను ఇంట్లోనే ఉంటాను, తీరిగ్గా చదువుతాను. అమ్మానాన్నలని అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు