జోసెఫ్ స్టెల్లా కోనీ ఐలండ్ బొమ్మ కాపీ చేస్తే రంగుల ముద్దలా ఎందుకు వస్తోంది?

న్యూయార్క్‌లోని కోనీ ఐలండ్ వినోద కేంద్రం మీద అమెరికన్ చిత్రకారుడు స్టెల్లా వేసిన ‘బ్యాటిల్ ఆఫ్ లైట్స్, కోనీ ఐలండ్, మార్డీ గ్రా’ను కాపీ చేస్తుంటే రంగుల ముద్దలా వస్తోందని మీరు అడిగారు, 16×20 అంగుళాల కాన్వాస్ మీద ఒక మూల నుంచి ముక్కముక్కగా నింపుతూ వచ్చానన్నారు. చిక్కు అక్కడే. ఇందులో చిన్న రంగు ముక్కలు చివర్న పడాలి, వాటిని నడిపించే పెద్ద గీతలు ముందు పడాలి.

ముందు కొలత చూసుకోండి. అసలు బొమ్మ ఎత్తు 195.6 సెం.మీ., వెడల్పు 215.3. అంటే దాదాపు చదరం. 16×20ని అడ్డంగా పెడితే బొమ్మ పక్కలకు సాగి, వలయాలన్నీ కోడిగుడ్లవుతాయి. నాలుగో వంతుకు తగ్గించి 49×54 సెం.మీ. కాన్వాస్ బిగించుకోండి.

బొగ్గుతో మూడే గీయండి. పైన మధ్యలో నిలువుగా లూనా పార్క్ (కోనీ ఐలండ్‌లోని వినోద పార్కు) దీపాల టవర్, దానికి రెండు పక్కలా ఆట యంత్రాల వంపులు, కింద కిక్కిరిసిన జనం. ఆరడుగుల దూరం నుంచి ఈ మూడూ విడివిడిగా తెలిసేదాకా రంగు ముట్టుకోవద్దు.

అసలు కీలకం ముక్కల దిశలో ఉంది. 1912లో పారిస్‌లో ఇటాలియన్ ఫ్యూచరిస్టుల (వేగాన్ని, కదలికను బొమ్మల్లో పట్టాలనుకున్న చిత్రకారుల) ప్రదర్శన చూసి వచ్చాక, 1913-14లో స్టెల్లా ఈ బొమ్మ వేశాడు. కదిలే వస్తువును ముక్కలు చేసి, అది వెళ్లే దారి వెంట మళ్లీ మళ్లీ వేయడం వాళ్ల పద్ధతి. కాబట్టి వంపు పక్కన పడే ప్రతి ముక్కా ఆ వంపు తిరిగే వైపే వాలాలి. దిశ లేకుండా వేస్తే, రంగులు ఎంత బాగున్నా చల్లిన కాగితం ముక్కల్లా కనిపిస్తాయి. ఇది ఒక్కటి పట్టుబడితే సగం పని అయినట్టే.

ఎరుపు తడిగా ఉండగా పక్కన ఆకుపచ్చ పెడితే బ్రష్ రెండింటినీ కలిపేస్తుంది, బురద రంగు తేలుతుంది. ఆయిల్ అయితే ఒకటి ఆరాకే రెండోది వేయండి. అంత ఓపిక లేకపోతే త్వరగా ఆరే ఆక్రిలిక్ నయం. అచ్చ తెలుపును దీపాలకే దాచుకోండి. అంతటా తెలుపు కలిపితే ఏ దీపమూ వెలగదు. మధ్యమధ్యలో ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ ఫొటో తీసి చూడండి. అంతా ఒకే బూడిద రంగులో ఉంటే నీడలు పెంచాలి.

నమూనాకు సోషల్ మీడియా ఫొటోలు వద్దు, వాటిలో రంగులు పెంచేసి ఉంటాయి. అసలుది యేల్ యూనివర్సిటీ ఆర్ట్ గ్యాలరీ దగ్గరుంది, వాళ్ల ఫొటో వాడండి. మొదటిసారికి మొత్తం ఎత్తుకోకుండా, ఏదైనా ఒక వంపు, దాని చుట్టూ ఉన్న ముక్కలు 30×30 సెం.మీ.లో వేసి చూడండి.