పెద్దవాళ్లతో శాండ్రింగ్‌హామ్ వెళ్తే తోట టికెట్ ఒక్కటే చాలా?

జూన్‌లో మీ అత్తమామలు వస్తున్నారని, మామయ్యగారికి మోకాళ్ల నొప్పులని, ఇంగ్లండ్‌లో బ్రిటిష్ రాజకుటుంబపు ఇల్లు శాండ్రింగ్‌హామ్‌లో తోట చూస్తే చాలా, ఇంట్లోకి కూడా టికెట్ తీసుకోవాలా అని కదా మీరడిగింది. నన్నడిగితే తోట చాలు. మా అమ్మానాన్నలకి మేం రెండూ చూపించాం. ఇంట్లో కింది అంతస్తులో కొన్ని గదులే తెరుస్తారు. బ్రిటిష్ రాజు ఏడో ఎడ్వర్డ్ యువరాజుగా ఉండగా, 1875-76లో మన దేశం తిరిగినప్పుడు కానుకలుగా వచ్చిన కత్తులూ కటార్లూ అక్కడే ఉన్నాయి. మామయ్యగారికి చరిత్ర పిచ్చి ఉంటే తప్ప వాటికోసం అదనంగా పెట్టక్కర్లేదు.

ఈ ఎస్టేటుని ఎడ్వర్డ్ కోసమే 1862లో కొన్నారు. తోటలోకి జనాన్ని రానివ్వడం 1908లోనే మొదలైంది, ఇంటికి మాత్రం 1977 దాకా ఆ భాగ్యం లేదు. తోటే 60 ఎకరాలు, కాబట్టి అంతా తిరగాలని పెట్టుకోకండి.

ముందు ఇంటికి ఉత్తరాన ఉన్న తోటకి వెళ్లండి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆరో జార్జి రాజు కోసం జెఫ్రీ జెల్లికో అనే తోటల రూపశిల్పి వేసిన ప్లాను అది. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. రెండు పక్కలా లైమ్ చెట్లు (మన నిమ్మ కాదు, వేరే జాతి), కొమ్మలు ఒకదానితో ఒకటి అల్లి గోడలా పెంచారు. నేల చదును, నడక కష్టం కాదు. అక్కడే చైనా నుంచి తెచ్చిన బౌద్ధ విగ్రహం ఒకటుంది, కుబేరుడట. పేరు చదివి వినిపించగానే మా అమ్మ చెప్పులు విప్పేసి దణ్ణం పెట్టుకుంది. పక్కనున్న తెల్లావిడ కూడా ఎందుకైనా మంచిదని తల వంచింది!

చెరువుల వైపు కాస్త ఎత్తుపల్లాలున్నాయి, అక్కడ మామయ్యగారి చెయ్యి పట్టుకోండి. గట్టున ఉన్న బండరాళ్లలో కొన్ని రాళ్లే కావు. పుల్హమ్ అనే కంపెనీ సిమెంటుతో పోసిన నకిలీ రాయి. మా నాన్న పీడబ్ల్యూడీలో ఇంజినీరుగా రిటైరయ్యారు. వేలి కణుపుతో తట్టి చూసి, "నూటయాభై ఏళ్లయినా పెచ్చు ఊడలేదు, మన కాంట్రాక్టర్లకి చూపించాలిరా" అన్నారు. పై చెరువు మీద బొమ్మరిల్లులాంటి చిన్న వేసవి మంటపం ఉంది. 1913లో ఎడ్వర్డ్ భార్య అలెగ్జాండ్రా రాణికి జనరల్ ప్రోబిన్ కట్టించి ఇచ్చాడు. 1857 తిరుగుబాటుని అణచడంలో చూపిన సాహసానికి బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ పుచ్చుకున్న ప్రోబినే ఈయన. ఆ సంగతి తెలిశాక నాన్న అక్కడ ఫొటో దిగనన్నారు, అమ్మ మాత్రం దిగింది.

రోడోడెండ్రాన్ పూలు కావాలంటే మే చివర, జూన్ మొదట్లోనే వెళ్లాలి. నెలాఖరుకి రాలిపోతాయి.

లండన్ కింగ్స్ క్రాస్‌లో రైలెక్కితే రెండు గంటల్లోపే శాండ్రింగ్‌హామ్‌కి దగ్గరి స్టేషన్ కింగ్స్ లిన్. అక్కడినుంచి బస్సుంది గానీ మోకాళ్ల నొప్పులన్నారు కాబట్టి కారే నయం. వీల్‌చైర్ సంగతి ముందే ఫోన్ చేసి కనుక్కోండి. పులిహోర, దద్దోజనం కట్టుకెళ్లండి. తోట బయటున్న పార్కులో తిరగడానికి టికెట్ అక్కర్లేదు, పార్కింగుకి మాత్రం డబ్బులు కట్టాలి.