హెలికాప్టర్ ఎక్కే ముందు, అల్లుడికి

వనపర్తి

చిరంజీవి అల్లుడికి,

మామ ఆశీస్సులు. మీ అమ్మానాన్నలను, అంటే మా అక్కనూ బావనూ, హవాయి తీసుకెళ్తున్నావని, కవాయి దీవి మీద హెలికాప్టర్ ఎక్కిస్తానన్నావని మొన్న అక్క ఫోన్‌లో చెప్పింది. ఆమె గొంతులో సంబరం ఎంత ఉందో భయమూ అంతే ఉంది. నేను ఆ దీవికి రెండుసార్లు పోయినా హెలికాప్టర్ ఎక్కింది రెండోసారే. మొదటిసారి ఎందుకు ఎక్కలేదో ముందు చెప్తాను, మిగతావన్నీ దాని తర్వాతే.

అప్పుడు మావాడు చివరి రోజుకు బుక్ చేశాడు. తెల్లారితే తిరుగు ప్రయాణం. పొద్దున్నే ఆఫీసుకు పోతే, కొండల మీద మబ్బు దిగింది, ఇవాళ ఎగరడం లేదన్నారు. మేం నిలబడ్డ చోట మాత్రం ఎండ కాస్తోంది. ఇంత దూరం వచ్చాం, కనీసం సముద్రం అంచునైనా తిప్పండని నేను కౌంటర్ దగ్గర బతిమాలాను. వాళ్లు మెత్తబడలేదు, డబ్బు వాపసు ఇచ్చి పంపేశారు. నాకు చాలా కోపం వచ్చింది. తర్వాత ఒక సంగతి తెలిసి ఒళ్లు జలదరించింది. 2019 డిసెంబర్ 26న అదే దీవి మీద ఒక టూరిస్టు హెలికాప్టర్ కొండకు తగిలి, పైలట్‌తో కలిపి ఏడుగురూ పోయారు. మబ్బు కమ్మి ముందేమీ కనిపించకపోయినా పైలట్ వెనక్కి తిప్పకపోవడమే కారణమని అమెరికా దర్యాప్తు సంస్థ తేల్చింది. ఈ మాట అక్క చెవిన వెయ్యకు. నువ్వు మాత్రం మనసులో పెట్టుకో. పైలట్ ఇవాళ వద్దంటే ఇంకో మాట మాట్లాడకు. సగం దారిలో వెనక్కి తిప్పినా డబ్బులు పోయాయని బాధపడకు. మనిషికి మూడు వందల డాలర్ల పైనే అవుతుంది, తక్కువేం కాదు, అయినా సరే.

అందుకే దీవిలో దిగిన మొదటి రోజుకో రెండో రోజుకో బుక్ చెయ్యి. మబ్బు పట్టి ఆగిపోయినా ఇంకా రోజులు చేతిలో ఉంటాయి. పొద్దుటి టైమే అడుగు. పొద్దెక్కేకొద్దీ సముద్రం మీది గాలి కొండలకు కొట్టుకుని మబ్బు కడుతుంది. వాతావరణం బాగాలేక ఆగితే డబ్బు వాపసు ఇస్తారో, మరో రోజుకు మారుస్తారో ముందే అడిగి రాతలో తీసుకో.

ఇక తూకం. ఎక్కే ముందు ఒక్కొక్కరినీ కాటా మీద నిలబెడతారు. ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఆ బరువును బట్టే చెప్తారు. హెలికాప్టర్‌లో బరువు ఒకవైపుకు ఒరగకూడదు, అంతే సంగతి. మామూలుగా ముందు పైలట్ పక్కన ఇద్దరు, వెనక నలుగురు కూర్చుంటారు. అక్కనూ బావనూ వేర్వేరు వరుసల్లో కూర్చోబెట్టినా గొడవపడకండి. నలుగురిలో తూకం వేస్తే బావ నొచ్చుకుంటాడు, ఆయన సంగతి నాకు తెలుసు. చిన్నవాళ్లనూ పెద్దవాళ్లనూ అందరినీ తూస్తారని ఇంట్లోనే చెప్పి తీసుకెళ్లు.

అక్క చీర కట్టుకోకుండా చూడు. రెక్కల గాలికి కొంగు నిలవదు. మీ అత్త పంజాబీ డ్రెస్ వేసుకుంది, చున్నీ మాత్రం కారులోనే వదిలేయమన్నారు. టోపీ, చేతిసంచి కూడా లోపలికి రానివ్వరు. ముదురు రంగు బట్టలైతే మేలు. మావాడు తెల్ల చొక్కా వేసుకొచ్చాడు, తీసిన ఫొటోల్లో సగం కొండ, సగం అద్దంలో వాడి చొక్కా. నడుముకు చిన్న సంచి కడతారు, అందులో లైఫ్ జాకెట్ ఉంటుంది. దాన్ని ఎలా తీసి వేసుకోవాలో చూపిస్తారు. బావకు ఇంగ్లిష్ అందదు కాబట్టి నువ్వు పక్కన నిలబడి తెలుగులో ఒక్కసారి చెప్పు. రెక్కలు తిరుగుతుండగా వాళ్లు చూపిన దారి తప్పి ఒక్క అడుగు వెయ్యొద్దు, తోక వైపు అసలే పోవద్దు.

తలుపులు తీసేసి తిప్పే హెలికాప్టర్లు కూడా ఉన్నాయి. నీకు దాని మీద మనసుంటే ఇంకో రోజు ఒక్కడివే పో. పెద్దవాళ్లకు ఆ గాలీ చలీ వద్దు.

ఎక్కే ముందు రెండు ఇడ్లీలు, అంతకు మించి తినొద్దు. ఖాళీ కడుపూ మంచిది కాదు. కడుపులో తిప్పితే కిందికి చూడకుండా దూరంగా సముద్రం, ఆకాశం కలిసే గీత మీద చూపు నిలపమను. బావ బీపీ మాత్రలు వేసుకుంటాడు కదా, వాంతుల మాత్ర ఇవ్వాలంటే డాక్టర్‌ని అడిగాకే.

ఇంత జాగ్రత్త చెప్తున్నది భయపెట్టడానికి కాదు. ఆ దీవిని పూర్తిగా చుట్టివచ్చే రోడ్డే లేదు. నాపాలీ అనే ఒడ్డున కొండలు సముద్రంలోంచి గోడల్లా లేస్తాయి, కొన్నిచోట్ల నాలుగు వేల అడుగుల దాకా. అక్కడికి కారు పోదు. హవాయి దీవులన్నీ అగ్నిపర్వతాలు కక్కిన రాయే. పెద్ద దీవుల్లో కవాయే ముసలిది, వయసు సుమారు 50 లక్షల ఏళ్లు. అన్నేళ్లు వాన కోసీ కోసీ ఆ మడతలు పడ్డాయి.

అక్కకు వైమియా లోయ బాగా నచ్చుతుంది. ఆ పేరుకు అక్కడి భాషలో ఎర్రనీళ్లని అర్థం. లోయ మీదికి రాగానే మీ అత్త నా మోచెయ్యి గిల్లి కిందికి చూపించింది. అచ్చం మన పాలమూరు చెలకల ఎరుపే. దుక్కి దున్ని వదిలేసిన మట్టిలా గట్టు మీద గట్టు, మూడు వేల అడుగుల పైన లోతు. ఫరహాబాద్ వ్యూపాయింట్ దగ్గర నిలబడి నల్లమల లోయను చూసినప్పుడు నీకెలా అనిపించిందో గుర్తు తెచ్చుకో. ఇక్కడ ఆ లోయ మీద గాల్లోనే ఉంటావు.

ఆ తర్వాత వయాలెయాలె కొండ వస్తుంది. భూమ్మీద అత్యధికంగా వాన పడే చోట్లలో అదొకటి, ఏడాదికి 9,000 మిల్లీమీటర్ల పైనే. మన దగ్గర వెయ్యి పడితే చెరువులు అలుగు దూకుతాయి. పైలట్ ఆ గోడల మధ్యకు నెమ్మదిగా తీసుకుపోయాడు. మూడు వైపులా పచ్చటి గోడలు, వాటి మీద సన్నటి నీటిధారలు, లెక్కపెట్టబోయి పది దాటాక వదిలేశాను. అద్దం మీద పడ్డ చినుకులు కిందికి జారకుండా పక్కకు పాకిపోతున్నాయి. అప్పటిదాకా హెడ్‌సెట్‌లో ఒకటే మాట్లాడుతున్న మావాడు కూడా నోరు మెదపలేదు. అక్కడ ఫోన్ పక్కన పెట్టు. వీడియో కంపెనీ వాళ్ల దగ్గర దొరికితే కొనుక్కోవచ్చు, అక్క ముఖం మాత్రం అప్పుడే చూడాలి.

తేదీ ఖాయం చేశాక నాకు ఫోన్ చెయ్యి. చీర మాట, తూకం మాట అక్కతో నేనే మాట్లాడతాను. నువ్వు చెప్తే వినదు.

నీ మామ