అపాచీ, ఎంజిన్‌ఎక్స్ రెండూ ఒకే ఉబుంటులో: 80 పోర్టు దగ్గర గొడవ

ఒకే ఉబుంటు (లినక్స్) మెషీన్‌లో అపాచీ, ఎంజిన్‌ఎక్స్ అనే రెండు వెబ్ సర్వర్లూ నడపబోతే ఎంజిన్‌ఎక్స్ "అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్" అని ఆగిపోతోందని అడిగారు కదండీ, వెబ్ రిక్వెస్టులు వచ్చే 80 పోర్టుని అపాచీ అప్పటికే పట్టుకుని కూర్చుంది, అంతే. దాన్ని 8080కి మార్చేయండి. అపాచీ2 ఫోల్డర్‌లో పోర్ట్స్.కాన్ఫ్ తెరిచి, "లిసన్ 80" ఉన్నచోట "లిసన్ 127.0.0.1:8080" అని పెట్టండి. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. అపాచీలో మీ సైటు సెట్టింగులుండే ఫైల్‌లో వర్చువల్‌హోస్ట్ అన్న పదం పక్కనున్న 80ని కూడా తప్పకుండా 8080గా మార్చాలి, లేకపోతే అపాచీ మీ సైటు సెట్టింగులు అసలు పట్టించుకోదు.

ముందు అపాచీని, తర్వాతే ఎంజిన్‌ఎక్స్‌ని రీస్టార్ట్ చేయండి. ఏ పోర్టు ఎవరి చేతిలో ఉందో "సుడో ఎస్ఎస్ -ఎల్‌టీఎన్‌పీ" అని టెర్మినల్‌లో కొడితే కనిపిస్తుంది. ఎంజిన్‌ఎక్స్‌లో ప్రాక్సీ_పాస్‌కి (వచ్చిన రిక్వెస్టుని అపాచీకి పంపే సెట్టింగు) ఆ 127.0.0.1:8080 అడ్రసే ఇవ్వండి, సైటు చూసేవాళ్లు పోర్టు నంబరు టైప్ చేయక్కర్లేదు. 127.0.0.1 అంటే ఆ మెషీన్ లోపలి అడ్రసే కాబట్టి ఫైర్‌వాల్‌లో 8080 తెరవాల్సిన పనే లేదు.